ఒకే చెరువు, మూడు పటాలు

చిత్తూరు సర్వే ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా పటాలు గీసి రిటైరై, ఇప్పుడు తిరుపతిలో గ్రామ సర్వేయర్లకు, ఇంజినీరింగ్ అసిస్టెంట్లకు క్యూజీఐఎస్ (కంప్యూటర్లో పటాలు గీసే ఉచిత సాఫ్ట్‌వేరు) నేర్పుతున్న మా శీర్షిక నిర్వాహకులు, ప్రభుత్వ శాఖలు ఒకరి పటాలు ఒకరితో పంచుకోవడం గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో జవాబులిస్తున్నారు.

*ప్రశ్న: నేను గ్రామ సర్వేయర్ని. మా ఊరి చెరువు హద్దు రెవెన్యూ పటంలో ఒకలా, ఇరిగేషన్ వాళ్ళ ఫైల్లో ఒకలా, మాస్టర్ ప్లాన్ షీటులో ఇంకోలా ఉంది. మూడూ ఒకదానిమీద ఒకటి పెడితే చెరువు కట్ట రోడ్డు దాటి పక్కవాళ్ళ పొలంలో పడుతోంది. ఏది నమ్మాలి సార్? – ఒక సర్వేయరు, రేణిగుంట మండలం*

అమ్మా, మూడింటినీ నమ్మొచ్చు. కాకపోతే ఆ మూడూ చెప్పేది ఒకే సంగతి కాదు. రెవెన్యూ గీత చెరువు పోరంబోకు హద్దు. ఆ సర్వే నంబరు ఎక్కడిదాకా ప్రభుత్వ భూమో అది చెబుతుంది. ఇరిగేషన్ గీత ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్). అంటే చెరువు నిండి మొరవ (మిగులు నీళ్ళు బయటికి పోయే చోటు) పారేటప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా పరుచుకుంటాయో ఆ అంచు. చాలా ఊళ్ళలో అది పోరంబోకు దాటి పట్టా భూముల్లోకి పోతుంది, అది కొత్త సంగతేం కాదు. మాస్టర్ ప్లాన్ గీతను చాలాచోట్ల ఉపగ్రహ చిత్రం చూసి గీస్తారు. ఆ చిత్రం మే నెలలో తీసిందైతే మన రాయలసీమ చెరువులో నీళ్ళెక్కడుంటాయి? ఎండిన భాగమంతా పటంలో చెరువు కాకుండా పోతుంది. అందుకే మీ దగ్గరికొచ్చిన ఏ ఫైలుకైనా ముందు అడగాల్సింది ‘ఇది ఏ గీత, ఏ తేదీది’ అని.

ఇక కట్ట రోడ్డు దాటడం వేరే జబ్బు. సర్వే ఆఫ్ ఇండియా పాత టోపో షీట్లు ఎవరెస్ట్ డేటమ్ మీద తయారైనవి. డేటమ్ అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కించడానికి ఆధారంగా పెట్టుకున్న భూమి నమూనా. తిరుపతి ఉన్న 57ఓ/6 షీటూ అంతే. మీ రోవరు (ఉపగ్రహాల సాయంతో స్థానం కొలిచే పరికరం), మీ ఫోను చెప్పేది డబ్ల్యూజీఎస్ 84 అనే ఇంకో డేటమ్ లెక్క. ఒకే రాయికి ఈ రెండు లెక్కల్లోనూ అక్షాంశ రేఖాంశాలు వేరుగా వస్తాయి. లెక్క మార్చకుండా కలిపితే మన ప్రాంతంలో వంద మీటర్లకు మించే తేడా పడుతుంది. ఎఫ్‌ఎంబీల (సర్వే నంబరు వారీ కొలతల పుస్తకాలు) సంగతి చెప్పనే అక్కర్లేదు. అవి గొలుసు పట్టుకుని కొలిచినవి, వాటిలో అక్షాంశం రేఖాంశం ఉండనే ఉండవు. ఎవరో స్కాన్ చేసి, అందాజాగా నాలుగు మూలలు కుదిర్చి కూర్చోబెట్టి ఉంటారు.

క్యూజీఐఎస్‌లో ఒక్కో లేయరు (ఒకదానిమీద ఒకటి పరిచే పటం పొర) ప్రాపర్టీస్ తెరిచి సీఆర్ఎస్ ఏముందో, అంటే స్థానాలను ఏ లెక్కలో రాశారో చూడండి. తిరుపతి, చిత్తూరు రెండూ యూటీఎం (ప్రపంచాన్ని మండలాలుగా చేసి మీటర్లలో స్థానం చెప్పే పద్ధతి) 44 ఉత్తర మండలంలో ఉన్నాయి కాబట్టి మీటర్లలో పనిచేయడానికి ఆ మండలం సీఆర్ఎస్ కోడు ఈపీఎస్‌జీ 32644 సరిపోతుంది. ఇక్కడ మా క్లాసుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది తడబడే చోటు ఒకటుంది. ‘సెట్ లేయర్ సీఆర్ఎస్’ నొక్కితే లేయరు మీది చీటీ మాత్రమే మారుతుంది, లోపలి అంకెలు మారవు. అంకెలు మారాలంటే ‘రీప్రొజెక్ట్’ చేయాలి. చీటీ తప్పుగా ఉంటే మొదటిది, చీటీ సరిగ్గా ఉండి లెక్క వేరుగా ఉంటే రెండోది. తర్వాత రోవరు తీసుకుని చెరువు దగ్గరికే పోండి. తూము, మొరవ రెండు కొసలు, కట్ట మీది గుడి ఎక్కడికీ కదలవు కదా. వాటి కొలతలు తీసుకుని మూడు లేయర్లనూ వాటితో సరిచూడండి.

మూడింటినీ సరిదిద్ది ఒకే గీత చేయాలని మాత్రం చూడకండి. పోరంబోకు హద్దు, ఎఫ్‌టీఎల్, ఫలానా తేదీ నాటి నీటి విస్తీర్ణం అని మూడు పేర్లతో మూడు లేయర్లుగానే ఉంచండి. ఎఫ్‌టీఎల్ గీత తప్పని తేలితే దాన్ని దిద్దే హక్కు ఇరిగేషన్ వాళ్ళది. మీరు కొలిచింది వాళ్ళకు రాసి పంపండి, మీ కాపీలో మీరే దిద్దుకుని ఊరుకోవద్దు. ఊరుకుంటే రేపు నాలుగో పటం పుడుతుంది.

*ప్రశ్న: నేను ఇంజినీరింగ్ విభాగంలో కంప్యూటర్ ఆపరేటర్ని. పక్క ఆఫీసు నుంచి వాట్సాప్‌లో వచ్చే ఫైళ్ళు కొన్ని తెరుచుకోవు, తెరుచుకున్నా ఊళ్ళ పేర్లన్నీ ప్రశ్నార్థకాలే. కొన్నింటిలో అర్థం లేని గుర్తులు. మళ్ళీ అడిగితే ‘మా దగ్గర బాగానే ఉంది’ అంటారు. – చిత్తూరు*

వాళ్ళ దగ్గర నిజంగానే బాగుంటుంది. మీకు వచ్చేవి షేప్‌ఫైళ్ళై ఉంటాయి. షేప్‌ఫైల్ అనేది పేరుకు ఒక ఫైలు, ఉండేది కొన్ని ఫైళ్ళ గుంపు. గీతలు ఎస్‌హెచ్‌పీలో, వరుస ఎస్‌హెచ్‌ఎక్స్‌లో, పట్టిక డీబీఎఫ్‌లో, సీఆర్ఎస్ లెక్క పీఆర్‌జేలో ఉంటాయి. పంపేవాళ్ళు ఎస్‌హెచ్‌పీ ఒక్కటే పంపితే ఊళ్ళ పేర్లెక్కడినుంచి వస్తాయి? పీఆర్‌జే వదిలేస్తే, ఇందాక చెప్పానే, చెరువు రోడ్డు దాటే జబ్బు, అది మొదలవుతుంది.

ఆ డీబీఎఫ్ పాతకాలపు పట్టిక. గడి (పట్టికలో నిలువు వరుస) పేరుకు పది అక్షరాలే పడతాయి, అదీ ఇంగ్లీషు అక్షరాలైతే. అన్ని భాషల అక్షరాలనూ దాచే యూనికోడ్ పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు కావాలి, గుణింతానికి మరో మూడు. ‘సర్వే నంబరు పాతది’, ‘సర్వే నంబరు కొత్తది’ అని రెండు గడులు పెట్టారనుకోండి, రెండూ మొదట్లోనే తెగిపోయి ఏది ఏదో తెలియకుండా పోతాయి. రీసర్వేలో ఎల్‌పీ (ల్యాండ్ పార్సెల్) నంబర్లు వచ్చాక పాత, కొత్త నంబర్లు పక్కపక్కన ఉండాల్సిన ఈ రోజుల్లో ఇది చిన్న చిక్కు కాదు.

ప్రశ్నార్థకాలంటే సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టలేదన్నమాట. అలా పోయిన పేర్లు ఆ ఫైల్లోంచి తిరిగి రావు, అసలు ఫైలు ఉన్నవాళ్ళనే మళ్ళీ సేవ్ చేసి పంపమనాలి. అర్థం లేని గుర్తుల సంగతి వేరు. మన ఆఫీసుల్లో ఏళ్ళ తరబడి తెలుగు టైపు చేసింది అను ఫాంట్లలో. అందులో తెలుగు అక్షరం బొమ్మ మాత్రమే తెలుగు, లోపల దాచింది ఇంగ్లీషు గుర్తు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో బొమ్మ పోయి గుర్తు బయటపడుతుంది. కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చుకోండి. మార్చాక ఊరు తెలిసిన మనిషి చేత ఒక్కసారి చదివించండి. ఒత్తులు, సున్నలు కన్వర్టర్లో తారుమారవుతుంటాయి, ఊరి పేరులో ఒత్తు పోతే ఊరే మారిపోవచ్చు.

ఇకమీదట పంపేవాళ్ళను జియోప్యాకేజ్‌లో పంపమని అడగండి. ఓపెన్ జియోస్పేషియల్ కన్సార్టియం 2014లో ప్రమాణంగా ప్రకటించిన ఫార్మాట్ అది. నిజంగా ఒకే ఫైలు. పట్టికలు, గీతలు, లెక్క అన్నీ లోపలే ఉంటాయి, తెలుగు పేర్లు పూర్తిగా పడతాయి. క్యూజీఐఎస్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితే మొదట చూపించేది అదే.

*ప్రశ్న: మా స్కూలుకు వచ్చిన పటాల్లో శ్రీకాళహస్తి కొన్నింట్లో చిత్తూరు జిల్లాలో, కొన్నింట్లో తిరుపతి జిల్లాలో ఉంది. పిల్లలకు ఏం చెప్పను? – ఉపాధ్యాయిని, శ్రీకాళహస్తి*

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు పాత చిత్తూరు, పాత నెల్లూరు జిల్లాల భాగాలు కలిపి తిరుపతి జిల్లా ఏర్పడింది. మీ ఊరు అప్పటినుంచి తిరుపతి జిల్లాలో ఉంది. ప్రతి ఆఫీసూ జిల్లా హద్దును తన కాపీగా దాచుకుంది కాబట్టి, దిద్దుకున్నవాళ్ళ పటం మారింది, దిద్దుకోనివాళ్ళది మారలేదు. హద్దు ఒక్కచోటే ఉండి మిగతావాళ్ళు అక్కడినుంచే తెప్పించుకునేటట్టుంటే ఈ ఉత్తరం మీరు రాసే పనే ఉండేది కాదు.

పాత పటాన్ని మాత్రం పారేయకండి టీచరమ్మా. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. హద్దులు ఎప్పుడెలా మారాయో పిల్లలకు రెండు పటాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే బాగా పట్టుకుంటారు.

ఆఫీసుల వాళ్ళకు ఇక్కడే ఒక మాట. పేరును బట్టి పట్టికలు కలపకండి. ఏర్పేడు అని ఒకరు, యేర్పేడు అని ఒకరు రాస్తారు, కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు ఊళ్ళు. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకూ, ప్రతి గ్రామానికీ ఒక కోడు ఉంది. ఆ కోడు గడి మీ పట్టికలో ఉంటే, జిల్లా మారినా పేరు ఎలా రాసినా లెక్క కలుస్తుంది.

*ప్రశ్న: నేనొక శాఖలో డివిజన్ స్థాయి అధికారిని. పేరు వేయవద్దు. మా లేయర్లు ఇవ్వమని మూడు శాఖలు అడుగుతున్నాయి. ఇస్తే వాళ్ళు మార్చేసి మా పేరు మీద చలామణీ చేస్తే బాధ్యత ఎవరిది? పైగా ఉచిత సాఫ్ట్‌వేరు అంటున్నారు. ఏదైనా అయితే ఎవర్ని పట్టుకోవాలి?*

అయ్యా, మీ భయం న్యాయమైనదే. దాన్ని కొట్టిపారేసేవాళ్ళు ఏనాడూ ఒక పటం కింద సంతకం పెట్టి ఉండరు. అయితే లేయరు పంచుకోవడమంటే ఫైలు చేతిలో పెట్టడం ఒక్కటే దారి కాదు. రికార్డు రూములో ఎఫ్‌ఎంబీ తీసి బల్లమీద చూపించడం వేరు, సర్టిఫైడ్ నకలు ఇవ్వడం వేరు, పెన్సిలిచ్చి దిద్దమనడం వేరు కదా. ఇక్కడా ఆ మూడూ ఉన్నాయి. డబ్ల్యూఎంఎస్ పద్ధతిలో ఎదుటివాళ్ళకు పోయేది మీ పటం బొమ్మ మాత్రమే. వాళ్ళ లేయర్ల కింద మీది కనబడుతుంది, దాని గీతలు వాళ్ళ చేతికి రావు. డబ్ల్యూఎఫ్ఎస్ పద్ధతిలో గీతలు, పట్టిక కూడా పోతాయి, కొలతలు వేసుకోవచ్చు. దిద్దే అనుమతి మీరు విడిగా ఇస్తేనే ఉంటుంది, ఇవ్వకండి. మీరు ఈ రోజు ఒక తూము స్థానం సరిచేస్తే, మూడు శాఖల వాళ్ళూ పటం మళ్ళీ తెరిచినప్పుడు సరైన స్థానమే చూస్తారు. పాత కాపీ ఎవరి పెన్‌డ్రైవ్‌లో ఉందోనన్న బెంగ చాలావరకు తీరుతుంది.

దీనికి కావలసిన సామగ్రి అంతా ఓపెన్ సోర్స్‌లో ఉంది. డేటా పోస్ట్‌జీఐఎస్ అనే పటాల డేటాబేస్‌లో ఉంచుతారు. అందులోంచి బయటికి ఇవ్వదగ్గ గడులతో మాత్రమే ఒక ‘వ్యూ’ తయారుచేస్తారు. దాన్ని, నెట్‌వర్క్ మీద పటాలు అందించే జియోసర్వర్ ద్వారా వదులుతారు. ఏ లేయరు ఎవరికి కనబడాలో, ఎవరికి అక్కర్లేదో జియోసర్వర్లోనే పెట్టుకోవచ్చు. భూ యజమాని పేరు, ఆధార్, ఫోను నంబరు ఆ వ్యూలో ఉండనే కూడదు. పక్క శాఖకు కాలువ ఎక్కడుందో కావాలి, కాలువ పక్క రైతు ఆధార్‌తో పనేముంది? వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా 2023లో వచ్చింది, దాన్ని మనసులో ఉంచుకోండి.

ప్రతి లేయరుకూ మెటాడేటా, అంటే దాని పుట్టుపూర్వోత్తరాలు రాయించండి. ఎవరు కొలిచారు, ఎప్పుడు, దేనితో, ఎంత ఖచ్చితం, దేనికి వాడకూడదు అన్నది అందులో ఉండాలి. ఆ చివరిది చాలామంది వదిలేస్తారు. మిమ్మల్ని కాపాడేది అదే. ‘ఈ గీత ఉపగ్రహ చిత్రం నుంచి గీసినది, హద్దు తగాదాలకు పనికిరాదు’ అని రాసి ఉంటే, రేపు ఎవరైనా దాన్ని కోర్టులో పెట్టినా మీ మాట మీకుంటుంది.

అనుమతి సంగతికొస్తే, కేంద్రం 2021 ఫిబ్రవరి 15న ఇచ్చిన మార్గదర్శకాలు, ప్రజాధనంతో తయారైన భౌగోళిక సమాచారం, భద్రతా, పోలీసు సంస్థల రహస్య సమాచారం తప్ప, దేశంలోని సంస్థలన్నిటికీ సులువుగా అందాలని చెబుతున్నాయి. 2022 డిసెంబరు 28న జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది. ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు వాడకం మీద కేంద్రానికి 2015 నుంచే ఒక విధానం ఉంది. మీ పైవాళ్ళకు నోట్ పెట్టేటప్పుడు ఈ మూడూ రాయండి.

ఎవర్ని పట్టుకోవాలన్నారు. ఇవి నిన్న మొన్న పుట్టినవి కావు. గ్రాస్ అనే పటాల సాఫ్ట్‌వేరును 1982లో అమెరికా సైన్యం ఇంజినీర్లు తమ పనికోసం మొదలుపెట్టారు. పోస్ట్‌జీఐఎస్, జియోసర్వర్ 2001 నుంచి, క్యూజీఐఎస్ 2002 నుంచి ఉన్నాయి. డబ్బు తీసుకుని మద్దతిచ్చే సంస్థలూ ఉన్నాయి. నాకు మంట పుట్టించేది ఇంకొకటి. పేరెందుకు గానీ, నేను చూసిన ఒక ఆఫీసులో చాలా ఖర్చుపెట్టి పోర్టల్ చేయించారు. కాంట్రాక్టు గడువు తీరింది. చేసినవాళ్ళు వెళ్ళిపోయారు. డేటా వాళ్ళ సొంత ఫార్మాట్‌లో ఉండిపోయింది, తెరవాలంటే మళ్ళీ లైసెన్సు కొనాలి. చివరికి బీరువాలోంచి పాత షీట్లు దింపి మళ్ళీ స్కాన్ చేయాల్సి వచ్చింది. ఊరూరూ తిరిగి ఎండలో కొలిచిన మనుషుల కష్టం అలా ఒక పాస్‌వర్డు వెనక ఇరుక్కుపోవడం నేను ఒప్పుకోలేను. ఓపెన్ సోర్స్‌లో సర్వరు పాడైనా డేటా మీ చేతిలో ఉంటుంది, ఇంకో సాఫ్ట్‌వేరులో తెరుచుకుంటుంది.

లైసెన్సు ఖర్చు లేదని ఖర్చే లేదనుకోకండి. సర్వరు కావాలి, రోజూ బ్యాకప్ కావాలి, అన్నిటికంటే ముందు ఆ పని తెలిసిన మనుషులు ఇద్దరు కావాలి. ఒక్కరే ఉంటే, వారికి బదిలీ వచ్చిన రోజున సర్వీసు ఆగిపోతుంది.

*ప్రశ్న: నేను ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. 2021 నవంబరు వరదలో మా వీధి మునిగింది. శాఖల పటాలన్నీ ఒకచోట ఉండుంటే ఆ నష్టం తగ్గేదా? దీని మీద ప్రాజెక్టు చేయొచ్చా? – తిరుపతి*

చేయి నాయనా, తప్పకుండా చేయి. ముందు ఒక వాన చినుకు దారి పట్టుకుని రా. శేషాచలం మీద పడితే అది అటవీ శాఖ నేల. తిరుమలలో పడితే టీటీడీ డ్రెయిను. కపిలతీర్థం దగ్గర దూకి ఊళ్ళోకి వచ్చిందా, నగరపాలక సంస్థ కాలువ. ఊరి అంచున కొత్త లేఅవుటులోకి పోతే దాని ప్లాను తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) దగ్గర. పట్టాల కింద కల్వర్టు దాటితే రైల్వే. చెరువులో పడితే నీళ్ళు ఇరిగేషన్‌వి, భూమి రెవెన్యూది. ఆ చెరువు మొరవ పారి స్వర్ణముఖిలో కలిసేదాకా అదే నీళ్ళు. ఇన్ని చేతులు మారే నీటికి ఎవరి పటంలోనూ పూర్తి దారి ఉండదు, ఉండాల్సిన పనీ వాళ్ళకు లేదు. ఒక్కొక్కరి దగ్గర ఉన్న ముక్కలు ఒకే తెరమీద కలవాలి, అంతే.

ఆ నవంబరు 18న కొండమీద, ఊళ్ళో కలిపి కురిసిన వానకు పటాలు ఉన్నా వీధుల్లోకి నీళ్ళు వచ్చేవే. పటం నీళ్ళను ఆపదు. కానీ ఏ కల్వర్టు ఎంత వెడల్పో, ఎగువన ఎంత నేల మీది నీళ్ళు దానికి వస్తాయో ముందే తెలిస్తే, ఏ వీధిని ముందు ఖాళీ చేయించాలో తెలుస్తుంది. ఆ తర్వాత మూడు రోజులకు రాయలచెరువు కట్టకు లీకు పడి దిగువ ఊళ్ళను ఖాళీ చేయించారు, గుర్తుందా? అలాంటప్పుడు కావలసింది చెరువు పటం ఒక్కటే కాదు. కట్ట తెగితే నీళ్ళు పోయే దారి, ఆ దారిలో ఇళ్ళు, బడులు, కరెంటు సబ్‌స్టేషన్లు, మునగని రోడ్డు, ఇవన్నీ వేర్వేరు శాఖలవి, ఆ గంటలోనే కావాలి. అప్పుడు ఫోన్లు చేసి ఫైళ్ళు అడిగే తీరిక ఎవరికుంటుంది?

నీ ప్రాజెక్టుకు ఇస్రో వెబ్‌సైటు భువన్‌లో కార్టోశాట్ ఉపగ్రహం నుంచి వచ్చిన నేల ఎత్తుల డేటా ఉచితంగా దొరుకుతుంది. గ్రాస్‌లో ఆర్.వాటర్‌షెడ్ అనే పనిముట్టు నడిపితే నీళ్ళు పారే దారులు, ఒక్కో దారికి ఎంత నేల నుంచి నీళ్ళొస్తాయో వస్తుంది. ఆ డేటాలో నేలను చదరాలుగా విడదీసిన ఒక్కో గడి దాదాపు 30 మీటర్లు, కాబట్టి వంకలు, వాగులు తెలుస్తాయి, మీ వీధి తెలియదు. దాంతో వీధుల ముంపు చెప్పేస్తానని రాయకు. దానికి బదులు, నువ్వు కనిపెట్టిన దారి ఎక్కడెక్కడ రోడ్డునో పట్టాలనో దాటుతోందో గుర్తించి, ఆ చోట్లకు టేపు పట్టుకుని పో. కల్వర్టు వెడల్పు, ఎత్తు, లోపల ఎంత పూడిక ఉందో రాసుకో, ఫొటో తియ్యి. వరదలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడివాళ్ళనడుగు, గోడమీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ ఎత్తు కొలువు. ఇది ఏ శాఖ దగ్గరా లేని లేయరు. జియోప్యాకేజ్‌లో పెట్టి, పైన చెప్పిన మెటాడేటా రాసి, నగరపాలక సంస్థకూ, ఇరిగేషన్‌కూ ఇవ్వు. పుచ్చుకున్నట్టు రసీదు అడుగు.

*ప్రశ్న: క్యూజీఐఎస్ నేర్చుకోవడానికి ఎలాంటి కంప్యూటర్ కావాలి? – పలమనేరు*

సచివాలయంలో ఉండే మామూలు కంప్యూటర్ చాలు, 8 జీబీ ర్యామ్ ఉంటే సుఖం. క్యూజీఐఎస్ వెబ్‌సైటులోనే దొరుకుతుంది, ఎల్‌టీఆర్ అని రాసి ఉన్న వెర్షన్ దించుకోండి, అది నిలకడగా నడుస్తుంది. మొదటి పాఠంగా మీ ఊరి చెరువు, దాని సప్లై ఛానల్, తూములు గీయండి. ఎక్కడ ఆగిపోయారో స్క్రీన్‌షాట్‌తో రాసి పంపితే వచ్చే సంచికలో చూద్దాం.